వడ్డీ తగ్గించారు సరే, మా బాండు ధర ఎందుకు పడింది?

గౌరవనీయులైన రిజర్వ్ బ్యాంకు గవర్నర్ శ్రీ సంజయ్ మల్హోత్రా గారికి,

నమస్కారం. 2025 జూన్ 6న మీరు రెపో రేటును, అంటే బ్యాంకులకు మీరిచ్చే అప్పు మీది వడ్డీని, ఒకేసారి అర శాతం తగ్గించి 5.50 శాతానికి తెచ్చారు. బ్యాంకులు మీ దగ్గర ఉంచవలసిన నగదు నిల్వల నిష్పత్తిలోనూ ఒక శాతం కోత ప్రకటించారు. వడ్డీ తగ్గితే, ఎక్కువ వడ్డీ ఇచ్చే పాత ప్రభుత్వ బాండ్ల ధర పెరుగుతుందని నమ్మిన మా ఒంగోలు విశ్రాంత ఉద్యోగులు పొద్దున సంబరపడ్డారు. సాయంత్రానికి చూస్తే దీర్ఘకాలిక బాండ్ల ధరలు పడి ఉన్నాయి. టంగుటూరు నుంచి వచ్చిన రిటైర్డు మాస్టారు ఒకరు ఫోను నా ముందు పెట్టి, "ఇదేమి లెక్కండీ?" అని అడిగారు.

లెక్క మీ ప్రకటనలోనే ఉంది. అదే రోజు మీరు వడ్డీ తగ్గింపు వైపు మొగ్గే సర్దుబాటు ధోరణి వదిలి, ఎటూ మొగ్గని తటస్థ ధోరణికి మారారు. ఇక కోతలు పెద్దగా ఉండవని మార్కెట్ అర్థం చేసుకుంది. అందరూ ముందే ఊహించిన వార్త ధరలో ఎప్పుడో కలిసిపోయి ఉంటుంది. ఊహించనిది ఎంత ఉంటే కుదుపు అంత. మా పొగాకు రైతుకు ఇది వింత కాదు. బ్రెజిల్, జింబాబ్వే పంటల కబురు కొనేవారికి ముందే చేరుతుంది, వేలం కేంద్రంలో తన బేలు కొనేవారు లేక నోబిడ్ అయ్యాక రైతుకు చేరుతుంది.

2022 మే 4 సంగతి ఇంకా కటువు. సమీక్ష తేదీ కాకపోయినా, మధ్యాహ్నం పూట మీ ముందున్న గవర్నర్ గారు రెపోను 4 నుంచి 4.40 శాతానికి పెంచారు. పదేళ్ల బాండు రాబడి, అంటే ఆనాటి ధరకు కొన్నవాడికి ఏటా గిట్టే శాతం, ఆ ఒక్క పూటలో పావు శాతం దాకా ఎగిసింది. రాబడి పెరిగితే ధర పడుతుంది. అంటే నూరు రూపాయల బాండు మీద దాదాపు రెండు రూపాయలు ఆవిరి. గడువు దాకా ఉంచుకునేవారికి అది కాగితం మీది నష్టమే. మర్నాడు ఆసుపత్రిలో డబ్బు కట్టవలసినవాడికి మాత్రం అది చేతి నష్టం.

వార్తలు ఆపమని నేను అనడం లేదు. ప్రతి నెలా 12న సాయంత్రం నాలుగింటికి ధరల సూచీ రావాలి, ఫిబ్రవరి 1న బడ్జెట్‌లో అప్పుల లెక్క తేలాలి, అమెరికా ఉద్యోగాల గణాంకాలకు మన మార్కెట్ ఉలిక్కిపడక తప్పదు. నా అభ్యంతరం అమ్మే తీరు మీద. 2021 నవంబరు 12న మొదలైన మీ రిటైల్ డైరెక్ట్ ఆన్‌లైన్ వేదిక ద్వారా పదివేల రూపాయలకే ప్రభుత్వ బాండు కొనవచ్చు. మంచిదే. అయితే మా మాస్టారికి సలహా ఇచ్చిన పెద్దమనిషి "ప్రభుత్వ పూచీ, భయం లేదు" అన్నాడు తప్ప, ఆ పూచీ అసలుకూ వడ్డీకే గానీ మధ్యలో అమ్ముకునే ధరకు కాదని చెప్పలేదు. పైగా ఐదు కోట్లకు తక్కువైన బేరమంతా బాండ్ల మార్కెట్లో ఆడ్ లాట్, అంటే చిల్లర బేరం, కిందే లెక్క. పదివేల కాగితానికి కొనేవాడు దొరకడమే గగనం.

కాబట్టి నలభై ఏళ్ల బాండు కొనే మనిషి డబ్బు కట్టే ముందు, "రాబడి రేటు ఒక శాతం పెరిగితే ఈ రోజు మీ నూరు రూపాయలు దాదాపు 88 అవుతాయి" అన్నంత సూటి వాక్యం తెలుగులో తెర మీద కనిపించాలి. దాన్ని చదివానని నొక్కితేనే చెల్లింపు ముందుకు సాగాలి. విధాన ప్రకటన రోజున రేటుతో పాటు ధోరణి ఏమిటో, అది బాండు ఉన్నవారికి ఏమవుతుందో నాలుగు ముక్కలు తెలుగులో అదే పూట ఇప్పించండి. వచ్చే సమీక్షకే మొదలుపెట్టవచ్చు, దీనికి కమిటీ అక్కరలేదు.

ఇట్లు,
ఒక చిన్న మదుపరి,
ఒంగోలు, ప్రకాశం జిల్లా