బధిరుల ఇంటికి తోడు కుక్క, దానికి తారల అండ: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులకు, వారి కుటుంబాలకు కార్యవర్గం నమస్కారాలు.

ఈ ఏడాది సంఘం పని ఎక్కువగా ఒకే విషయం మీద సాగింది. బధిరులకు ఇంట్లో శబ్దాలు తెలియజేసేలా కుక్కలను తయారుచేయడం, ఆ పనికి పేరున్నవాళ్ల అండ సంపాదించడం. పింఛన్లు, యూడీఐడీ (వైకల్యం ఉన్నవారి గుర్తింపు) కార్డులు, వినికిడి యంత్రాల దరఖాస్తుల పని ఎప్పటిలాగే జరిగింది. ఆ వివరాలు జమాఖర్చుల పట్టీతో కలిపి విడిగా ఇస్తున్నాం. ఇక్కడ కుక్కల గురించి, సినిమా తారల గురించి కాస్త విపులంగా రాస్తున్నాం. సభ్యులు ఎక్కువగా అడిగింది వీటి గురించే. అపోహలు ఎక్కువగా ఉన్నదీ వీటి మీదే.

మనం ముందు పెట్టుకున్న నమూనా బ్రిటన్‌లోని ‘హియరింగ్ డాగ్స్ ఫర్ డెఫ్ పీపుల్’. పశువైద్యుడు బ్రూస్ ఫోగిల్, లేడీ బియాట్రిస్ రైట్ కలిసి 1982లో దాన్ని మొదలుపెట్టారు. క్రఫ్ట్స్ అనే పెద్ద కుక్కల ప్రదర్శనలో దాన్ని జనానికి పరిచయం చేశారు. ప్రస్తుత రాజు ఛార్లెస్ చెల్లెలు ప్రిన్సెస్ యాన్ 1992 నుంచి దానికి పోషకురాలు. మనం గమనించాల్సింది ఆ హోదాను కాదు, ఆ వ్యవధిని. ఒక పోస్టరు మీద బొమ్మ వేయించుకుని వెళ్లిపోలేదు. అక్కడ ముదురు ఎరుపు జాకెట్ వేసుకున్న కుక్క దుకాణంలోకి వస్తే అది పనిలో ఉందని జనానికి తెలుసు. పేరున్నవాళ్లు ఏళ్ల తరబడి అదే మాట చెబుతూ ఉండటం వల్ల వచ్చిన ఎరుక అది. 2010 నాటి సమానత్వ చట్టం కూడా తోడై, ఇలాంటి కుక్కతో వచ్చినవాళ్లను హోటల్ వాళ్లు, ట్యాక్సీ వాళ్లు పొమ్మనే వీల్లేకుండా చేసింది.

ఇక కుక్క చేసే పని. శబ్దం వినగానే యజమాని దగ్గరికి వచ్చి ముక్కుతో గానీ కాలితో గానీ తడుతుంది. యజమాని రెండు అరచేతులు పైకి చూపి ‘ఏమిటి?’ అని సైగ చేస్తే, శబ్దం వచ్చిన చోటికి తీసుకెళ్తుంది. పొగ అలారం లాంటి ప్రమాద శబ్దమైతే మాత్రం తీసుకెళ్లకూడదు. తట్టి, అక్కడే నేల మీద పడుకుంటుంది. మనిషి మంట వైపు నడవకుండా ఉండటానికే ఈ తేడా. అందుకే దీన్ని విడిగా నేర్పుతారు. మొరగడం ఈ పనిలో భాగం కాదు. మొరిగితే వినబడనివారికి ఏం ఉపయోగం?

శిక్షణ మొదలయ్యేది శబ్దంతో కాదు, తట్టడంతో. అరచేయి చాపి, కుక్క ముక్కు తగలగానే బఠాణీ గింజంత ముక్క పెట్టాలి. ఉడికించిన కోడిమాంసం సరిపోతుంది. ఒక్కో పాఠం 3 నుంచి 5 నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు. అంతకు మించితే కుక్క విసుగుపడి నేలను వాసన చూడటం మొదలుపెడుతుంది. ఆ పాఠం అక్కడితో ఆపేయాలి. చేతిని తాకడం కుదిరాక మోకాలిని తాకడం నేర్పాలి. ఆ తర్వాతే శబ్దం. ఒకరు కాలింగ్ బెల్ దగ్గర, బధిర యజమాని మీటరు దూరంలో కుర్చీలో. బెల్ 2, 3 సెకన్లు మోగాలి, వెంటనే యజమాని మోకాలు చూపాలి. కుక్క తాకగానే ఇద్దరూ కలిసి బెల్ దగ్గరికి వెళ్లాలి. ముక్క పెట్టేది అక్కడే, ఒళ్లో కాదు. ఒళ్లో పెడితే కుక్క తట్టి ఊరుకుంటుంది గానీ దారి చూపదు. తర్వాత పక్క గది, వంటిల్లు, పెరటి గుమ్మం. ఆ తర్వాత యజమాని మంచం మీద పడుకుని ఉన్నప్పుడు, దుప్పటి కప్పుకుని నిద్రలో ఉన్నప్పుడు. దూరం పెంచిన రోజు కొత్త శబ్దం కలపకూడదు. కొత్త శబ్దం కలిపిన రోజు దూరం పెంచకూడదు.

అన్నిటికన్నా ఎక్కువగా చెడేది ఒక చోట. తడితే తిండి దొరుకుతుందని కుక్క కనిపెడుతుంది. బెల్ మోగకపోయినా వచ్చి తడుతుంది. నిజంగా మోగిందో లేదో యజమానికి తెలిసే వీల్లేదు కాబట్టి, ముక్క పెట్టి ఆ అబద్ధాన్ని తానే గట్టిపరుస్తారు. దీనికి విరుగుడు చాలా చవక. కాలింగ్ బెల్‌కు సమాంతరంగా (ప్యారలల్‌గా) ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు కలిపించి, హాల్లో కనబడే చోట పెట్టాలి. బల్బు వెలిగినప్పుడే ముక్క. వెలగకపోతే మొహం తిప్పుకోవాలి, తిట్టకూడదు. శిక్షణలో ఉన్న ఇళ్లకు ఈ బల్బు లేకుండా పాఠాలు మొదలుపెట్టవద్దని కార్యవర్గం నిర్ణయించింది.

రెండోది, ఫోన్‌లో రికార్డు చేసిన శబ్దాలతో నేర్పడం. మనిషి చెవికి 20 వేల హెర్ట్జ్ దాటాక ఏమీ వినబడదు. కుక్క సుమారు 45 వేల దాకా వింటుంది. ఫోన్ స్పీకరు పలికించే బెల్, గోడ మీది బెల్ కుక్కకు రెండు వేరు వేరు శబ్దాలు. రికార్డింగుతో నేర్చిన కుక్క అసలు బెల్ మోగితే చెవి కూడా రిక్కించకపోవచ్చు. ఏ ఇంట్లో ఉండబోతుందో ఆ ఇంటి బెల్‌తోనే నేర్పాలి.

కుక్కర్ విజిల్ గురించి చాలామంది ఆడవాళ్లు అడిగారు. విజిల్ వచ్చిందని కుక్క చెప్పగలదు, మూడు విజిల్స్ అయ్యాయని చెప్పలేదు. కాబట్టి కుక్కర్‌కు కాక వంటింటి టైమర్‌కు నేర్పడం మంచిది. బియ్యానికి ఎన్ని నిమిషాలో, పప్పుకు ఎన్ని నిమిషాలో మీకు తెలుసు. ఆ లెక్కన టైమర్ తిప్పి పెట్టుకోండి. పసిబిడ్డ ఏడుపును మాత్రం ఏ టైమరూ పట్టుకోదు. బిడ్డతల్లులకు ఈ కుక్క చేసే అసలు మేలు అదే.

ఏ కుక్క పనికొస్తుంది? బ్రిటన్‌లో లాబ్రడార్, కాకర్ స్పానియల్, పూడుల్ జాతులను ఎక్కువగా తీసుకుంటారు. మన ఉక్కపోతలో ఈ జాతులు ఇబ్బంది పడతాయి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడం ద్వారానే ఒళ్లు చల్లబరుచుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే రొప్పినా వేడి దిగదు. పైగా వేలాడే చెవుల్లో తడి నిలిచి చీము పడుతుంది. ఊరకుక్క పిల్లల్లో భయం లేనివి, మనిషి దగ్గరికి తానుగా వచ్చేవి 7, 8 వారాల వయసులో దొరికితే వాటిని వదులుకోవద్దని మా అభిప్రాయం. పరీక్ష కష్టమేమీ కాదు. పిల్లకు కాస్త దూరంలో స్టీలు గిన్నె కింద పడేయండి. ఉలిక్కిపడటం తప్పు కాదు. పడ్డాక గిన్నె దగ్గరికి వెళ్లి వాసన చూసే పిల్ల కావాలి. మంచం కిందికి దూరి ఇక రాని పిల్లను ఈ పనికి తీసుకోకూడదు. శబ్దానికి బెదిరే గుణం శిక్షణతో పూర్తిగా పోదు.

ఆ బెదురు మన గోదావరి జిల్లాల్లో పెద్ద సమస్య. దీపావళి మందుగుండు, పెళ్లి ఊరేగింపుల డీజేలు, సంక్రాంతికి ఊరూరా మైకులు. పుట్టిన మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా పిల్లకు ఈ చప్పుళ్లను చిన్నగా వినిపిస్తూ, తిండి పెడుతూ అలవాటు చేయాలి. అలవాటైన కుక్కనైనా కోనసీమలో సంక్రాంతికి జరిగే జగ్గన్నతోట ప్రభల తీర్థం లాంటి చోటికి తీసుకెళ్లకండి. ఆ జనంలో, ఆ హోరులో కుక్క చేయగల పనేమీ లేదు. కొబ్బరి దింపు జరిగే రోజు తోటలోకి కూడా వద్దు.

ఆరోగ్యం గురించి కొంచెం. రేబిస్ టీకా మూడు నెలల వయసులో మొదలుపెట్టి, ఆపైన పశువైద్యుడు చెప్పిన ప్రకారం ఏటా వేయించాలి. వరదనీటిలో, వరిచేలల్లో ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్‌కు రెండు డోసులు, తర్వాత ఏటా ఒకటి. ఇది మనుషులకూ అంటుతుంది కాబట్టి తేలిగ్గా తీసుకోవద్దు. పిడుదులను రోజూ వేళ్లతో వెతకాలి, ముఖ్యంగా చెవుల లోపల, కాలి వేళ్ల సందుల్లో. జ్వరం, తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం కనబడితే పిడుదుల జ్వరం అయి ఉండొచ్చు. ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. ఎండాకాలంలో తారురోడ్డు మీద అరచేతి వెనక వైపు ఆనించి 7 సెకన్లు ఉంచలేకపోతే, కుక్క పాదాలు కూడా ఉంచలేవు. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్ విషం. పరమాన్నం గిన్నె నాకించేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఉడికిన ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి.

ఇక తారల సంగతి. పేరున్నవాళ్ల అండ ఎలా పనిచేస్తుందో మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. చిరంజీవి 1998లో స్థాపించిన బ్లడ్ బ్యాంకు అభిమాన సంఘాల రక్తదానాన్ని అలవాటుగా మార్చింది. మొగల్తూరు ఆయన సొంత ఊరు. గోదావరి జిల్లాల్లో ఆయన పుట్టినరోజు అంటే రక్తదాన శిబిరం. అమల అక్కినేని 1992లో బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ స్థాపించి, గాయపడిన జంతువుల చికిత్సకు ఒక సంస్థనే నిలబెట్టారు. ఈ రెండిటిలోనూ ఉన్నది ఒక్క రోజు ఫొటో కాదు. కుక్క సుమారు పదేళ్ల వయసు దాకా పనిచేస్తుంది. తార మాట కూడా అంతకాలం నిలవాలి.

అందుకే అభిమాన సంఘాల ద్వారా పంపేందుకు తయారుచేసిన ఉత్తరంలో డబ్బును రెండో కోరికగా పెట్టాం. మొదటి కోరిక ఒక నిమిషం వీడియో. అందులో తార చెప్పాల్సినవి మూడే. జాకెట్ వేసుకున్న కుక్కను నిమరవద్దు, పిలవవద్దు, తిండి పెట్టవద్దు. బధిరులతో మాట్లాడేటప్పుడు వారి ఎదురుగా నిలబడి మాట్లాడండి. ఆ కుక్కతో వచ్చినవారిని దుకాణంలోకి రానివ్వండి. వీడియోలో భారతీయ సైగభాష దుభాషి నడుము పైభాగం మొత్తం కనబడాలి. మూలన అగ్గిపెట్టెంత బొమ్మగా పెడితే వేళ్లు కనబడవు. తెలుగు అక్షరాలు తెర కింద రావాలి. బధిరుల కోసం తీసిన వీడియోను బధిరులే అర్థం చేసుకోలేకపోతే అది మనకు అవమానం, ఈ విషయంలో రాజీ లేదు.

చిత్రీకరణలో చెడేవి ముందే చెప్పాలి. తార ముచ్చటపడి జాకెట్ వేసుకున్న కుక్కనే ముద్దు చేస్తారు. చూసినవాళ్లంతా అదే చేస్తారు. కాబట్టి పరిచయం, ముద్దు, ఆట అన్నీ జాకెట్ తీసిన తర్వాత, కెమెరా లేనప్పుడు. జాకెట్ వేశాక తార చేతులు వెనక్కి పెట్టుకోవాలి. దండలు, బాణసంచా, ఈలలు ఉన్న సభలో కుక్కను వేదిక ఎక్కించకూడదు. తలుపులు మూసిన గదిలో, పది మందికి మించకుండా, నీళ్ల గిన్నె పక్కన పెట్టుకుని, 20 నిమిషాల్లో ముగించాలి. కుక్క పదే పదే ఆవలించినా, పెదాలు నాక్కున్నా అలసిపోయిందని అర్థం. తార ఎదురుచూస్తున్నా సరే, ఆపేయాలి.

డబ్బు విషయం. విరాళం ఇచ్చేవారికి పన్ను మినహాయింపు రావాలంటే సంఘానికి 80జీ (ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే గుర్తింపు) ఉండాలి. రూ. 2,000 దాటిన నగదుకు ఆ మినహాయింపు వర్తించదు కాబట్టి చెక్కుగానో బ్యాంకు ద్వారానో తీసుకోవాలి. సినిమా నిర్మాణ సంస్థలు సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధులు ఇవ్వాలంటే సీఎస్ఆర్-1 నమోదు కావాలి. విదేశాల్లో ఉన్న మనవాళ్లు పంపుతామంటున్నారు. భారత పౌరసత్వం వదులుకున్నవారి సొమ్ము ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కిందికి వస్తుంది. ఆ అనుమతి లేకుండా ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. వచ్చిన విరాళంలో కొంత శిక్షణకు, మిగిలింది కుక్క జీవితకాలపు టీకాలకు, మందులకు డిపాజిట్‌గా వేయాలని ప్రతిపాదిస్తున్నాం. శిక్షణ ఖర్చుకు దాతలు దొరుకుతారు. ఆరో ఏట పిడుదుల మందుకు దొరకరు.

కుక్క చేయలేని పని ఒకటి స్పష్టంగా చెప్పాలి. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి వరద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంక గ్రామాల్లో మైకులో చాటింపు వేస్తే ఏదో చప్పుడు వస్తోందని కుక్క చెప్పొచ్చేమో గానీ, గట్టు దాటి వెళ్లిపొమ్మంటున్నారని చెప్పలేదు. అందుకని లంకల్లో ఉన్న ప్రతి బధిర సభ్యుడికి వినగలిగిన పొరుగువారు ఇద్దరిని జతచేసే జాబితా వానాకాలానికి ముందే పూర్తిచేయాలి. మొదటి హెచ్చరికకే వారు ఇంటికొచ్చి కాగితం మీద రాసి చూపించాలి. ఫోన్ సందేశం మీద ఆధారపడొద్దు, కరెంటు పోతే ఫోన్లూ పోతాయి.

వచ్చే ఏడాదికి సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నవి: 80జీ దరఖాస్తు, పైన చెప్పిన డిపాజిట్ నియమం, కుక్కపిల్లలను ఏడాది పాటు ఇంట్లో పెంచి ఇచ్చే కుటుంబాల ఎంపిక. పిల్లను పెంచాలనుకునేవారి ఇంటికి ప్రహరీ గానీ కంచె గానీ ఉండాలి. పగలంతా ఒకరైనా ఇంట్లో ఉండాలి. ఏడాది తర్వాత పిల్లను తిరిగి ఇచ్చేయడానికి ఇంట్లో అందరూ, ముఖ్యంగా పిల్లలు, ముందే ఒప్పుకోవాలి. కుక్క కావాలనుకునే బధిర సభ్యులు దరఖాస్తు కన్నా ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి బెల్‌కు బల్బు పెట్టించుకోండి. తీగ, హోల్డరు, బల్బు సంఘం ఇస్తుంది.