ఇక్కడే చదివిన పిల్లలకు ఇన్‌స్టేట్ ఫీజు మళ్లీ ఇవ్వాలి

సంపాదకుడు గారికి,

టెక్సస్‌లో స్టేటస్ (చట్టబద్ధంగా ఉండే అనుమతి) లేని విద్యార్థులకు ఇన్‌స్టేట్ ఫీజు, అంటే ప్రభుత్వ కాలేజీల్లో ఆ రాష్ట్రం వాళ్లకు వేసే తక్కువ ఫీజు, పోయిన సంగతి ఇక్కడి మన తెలుగు ఇళ్లలో పెద్దగా మాటల్లోకే రాలేదు. వచ్చినా ‘మెక్సికో వాళ్ల గొడవ, మనకెందుకు’ అనే ఎక్కువగా విన్నాను. ఆ మాట మింగుడు పడకే ఈ లేఖ రాస్తున్నాను.

ఈ సౌకర్యాన్ని 2001లో అమెరికా మొత్తంలో మొదట ఇచ్చింది టెక్ససే. సంతకం పెట్టింది రిపబ్లికన్ గవర్నర్ రిక్ పెర్రీ. అడిగిన వాళ్లందరికీ ఇచ్చిందీ కాదు. హైస్కూలు పూర్తయ్యేలోపు కనీసం మూడేళ్లు ఇక్కడ ఉండాలి, ఇక్కడే పాసవ్వాలి, అర్హత వచ్చిన వెంటనే గ్రీన్ కార్డుకు దరఖాస్తు చేస్తానని రాసివ్వాలి. 24 ఏళ్లు నడిచిన ఆ ఏర్పాటు 2025 జూన్ 4న ఒక్క పూటలో పోయింది. కేంద్ర న్యాయశాఖ కేసు వేయడం, రాష్ట్రం ఎదురు వాదించకుండా ఒప్పేసుకోవడం, ఫెడరల్ జడ్జి ఉత్తర్వు ఇవ్వడం అన్నీ అదే రోజు! అంతకు రెండు రోజుల ముందు ముగిసిన చట్టసభ సమావేశాల్లో దీన్ని రద్దు చేసే బిల్లు గట్టెక్కలేదు. సభలో నెగ్గనిదాన్ని కోర్టులో రాజీపడి సాధించడం అన్యాయం.

యూటీ ఆస్టిన్ (టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీ) లాంటి చోట బయటి రాష్ట్రాల వాళ్లకు వేసే ఫీజు ఇన్‌స్టేట్ ఫీజుకు మూడు రెట్ల పైమాటే. పెల్ గ్రాంటు (పేద విద్యార్థులకు కేంద్రం ఇచ్చే సాయం), ఫెడరల్ లోను ఈ పిల్లలకు మొదటి నుంచీ లేవు. తల్లి హోటల్లో, తండ్రి ఇళ్ల పైకప్పుల మీద పనిచేసే ఇంట్లో అంత డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

‘మన టాక్సులతో వాళ్లకెందుకు’ అంటారు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు. సేల్స్ టాక్స్ మనతో పాటు వాళ్లూ కడతారు, అద్దె రూపంలో ఆస్తి పన్ను భారమూ మోస్తారు. పైగా స్టేటస్ లేదని పిల్లల్ని ప్రభుత్వ బడికి దూరం పెట్టకూడదని 1982లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ కేసు వెళ్లింది కూడా టెక్సస్‌లోని టైలర్ ఊరి నుంచే. పన్నెండో తరగతి దాకా ప్రజల సొమ్ముతో చదివించి, ఆ చదువు అక్కరకొచ్చే వేళకు ఆపేస్తే ఎవరికి లాభం?

ఇక ‘మేం లైన్లో నిలబడ్డాం కదా’ అన్న మాట. ఆ లైను బాధ నాకూ తెలుసు. ఏటా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికైనా ఏడు శాతమే అన్న పరిమితి వల్ల మన హెచ్-1బి కుటుంబాలు ఏళ్ల తరబడి గ్రీన్ కార్డు కోసం చూస్తున్నాయి. ఈలోగా పిల్లలకు 21 నిండితే హెచ్-4 (తల్లిదండ్రుల హెచ్-1బి మీద వచ్చే వీసా) పోతుంది. చిన్నప్పటి నుంచి ఇక్కడే పెరిగినా, స్టూడెంట్ వీసాకు మారాలి, లేదా దేశం వదలాలి. చిన్నప్పుడే ఇక్కడికి వచ్చిన స్టేటస్ లేని వాళ్లను వెనక్కి పంపకుండా ఆపే డాకా పథకం వీళ్లకు వర్తించదు. 2012 జూన్ 15 నాటికి స్టేటస్ లేనివారికే అది. ఏ ఇంటి పిల్లలైనా ఈ దేశానికి రావాలని తాము నిర్ణయించుకోలేదు. మన పిల్లల గురించి టెన్షన్ పడే మనం, పక్క బెంచీలో కూర్చున్న పిల్ల విషయంలో నోరు మెదపకపోతే ఎలా?

టెక్సస్ చట్టసభ మళ్లీ 2027 జనవరిలో కూర్చుంటుంది. ఓటున్న తెలుగువాళ్లు ఇప్పుడే తమ ప్రతినిధిని కలిసి, ఈ పిల్లలకు దారి చూపమని అడగాలి. అప్పటిదాకా మన తెలుగు సంఘాలు తామిచ్చే స్కాలర్‌షిప్పుల్లో కొన్నయినా స్టేటస్ అడగకుండా, ఏ భాష వాళ్లకైనా ఇవ్వాలని నా విన్నపం.

– మీ పాఠకురాలు,
ప్లేనో, టెక్సస్