రెండోసారి పరీక్షకు రాతపూర్వక నియమాలు కావాలి

కేంద్ర విద్యాశాఖ మంత్రి శ్రీ ధర్మేంద్ర ప్రధాన్ గారికి,

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి నమస్కారాలు.

ప్రవేశ పరీక్షలో అక్రమం బయటపడితే దాన్ని రద్దు చేయాలా వద్దా అన్నదానిపై కోర్టుల్లో వారాల తరబడి వాదనలు నడుస్తాయి. మళ్లీ పెట్టే పరీక్ష ఎలా జరగాలన్నది మాత్రం ఎప్పటికప్పుడు హడావిడిగా తేలిపోతుంది. 2015లో సుప్రీంకోర్టు జూన్ 15న వైద్యవిద్య ప్రవేశ పరీక్ష ఏఐపీఎంటీని రద్దు చేస్తే జూలై 25న మళ్లీ రాయించారు. అంటే 40 రోజుల గడువు. దాని స్థానంలో వచ్చిన నీట్‌లో 2024లో సమయం నష్టపోయారని గ్రేస్ మార్కులు పొందిన 1,563 మంది విషయం జూన్ 13న తేలింది, 23న పరీక్ష. వీరికి దక్కింది 10 రోజులు. వారిలో 813 మందే వచ్చి రాశారు. మిగిలినవారికి గ్రేస్ తీసేసిన పాత మార్కులే ఖాయమయ్యాయి. పైగా కొత్త ప్రశ్నపత్రం రాసినవారిని, పాతది రాసిన 23 లక్షల పైచిలుకు మందిని ఒకే ర్యాంకుల జాబితాలో కలిపారు. రెండు పత్రాల కాఠిన్యం ఒకటేనని ఎవరు తూచి చెప్పారు?

ఆ ఏడాది జూలై 23న మొత్తం నీట్‌ను రద్దు చేయడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అది సబబేనని నా అభిప్రాయం. ఒకవేళ ఒప్పుకుని ఉంటే గజపతి, రాయగడ జిల్లాల తెలుగు పిల్లల గతి ఏమయ్యేదో చెబుతాను. నీట్ తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాల్లోనే ఇస్తారు. మా పిల్లలకు అది కావాలంటే సరిహద్దు దాటి శ్రీకాకుళమో విజయనగరమో వెళ్లాలి. పిల్లకు తోడుగా తండ్రో తల్లో కూలి మానుకోవాలి, ముందు రోజు రాత్రికి బస వెతుక్కోవాలి. (గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. అర్థమయ్యే భాషలో చదువు కోసం ఆయన ఎంత పోరాడారో మీకు నేను చెప్పాలా!) రెండోసారి పరీక్ష అంటే ఇదంతా మళ్లీ మొదలు. అదీ పది రోజుల్లో.

2024లో వచ్చిన పబ్లిక్ పరీక్షల అక్రమాల నిరోధక చట్టం ప్రకారం, పరీక్ష నిర్వహణకు సేవలందిస్తూ అక్రమానికి పాల్పడిన సంస్థకు కోటి రూపాయల దాకా జరిమానా వేయవచ్చు, పరీక్ష ఖర్చులో తగిన వాటా కూడా రాబట్టవచ్చు. పరీక్ష పెట్టినవారి ఖర్చుకు దారి చూపిన చట్టం, రాసినవారి దారిఖర్చు ఊసే ఎత్తలేదు.

నేను అడిగేది పెద్ద సంస్కరణ కాదు. రెండోసారి పరీక్షకు కనీసం నెల రోజుల గడువు, మొదటిసారి రాసిన నగరంలోనే, అదే భాషలో పత్రం, పేద అభ్యర్థికీ తోడు వచ్చేవారికీ ప్రయాణ ఖర్చు, వేర్వేరు పత్రాల మార్కులను పోల్చే పద్ధతి. వీటిని దరఖాస్తుల సమాచార పుస్తకంలోనే అచ్చు వేయించండి. ఒడిశా బిడ్డగా మీకు ఈ సరిహద్దు కొత్త కాదు. తెలుగు పత్రాన్ని పర్లాకిమిడిలో, రాయగడలో ఇప్పించడం కూడా మీ చేతిలో పనే. దానికి ఏ కోర్టు తీర్పూ అక్కరలేదు.

ఇట్లు,
పర్లాకిమిడి తెలుగు పౌరుడు