పోయిన ఫోల్డర్ బొమ్మలన్నీ తిరిగొచ్చాయి, థాంక్స్ అన్నా!

నిన్న రాత్రి నా పాత లాప్‌టాప్ ఐకాన్ల గోలంతా ఓపిగ్గా విన్న అందరికీ, ముఖ్యంగా "ఫార్మాట్ ఆలోచన కాసేపు పక్కన పెట్టు తమ్ముడూ" అన్న అన్నకి చాలా చాలా థాంక్స్. ఇంకో అరగంటైతే నిజంగానే ఫార్మాట్ కొట్టేసేవాణ్ణి.

తెలియని వాళ్ల కోసం సంగతి చెప్తాను. విండోస్ 7, 2 జీబీ ర్యామ్, పారేయమని అందరూ అంటారు, నేను వినను. ఫోటోలకి, బిల్లులకి, పాటలకి ఒక్కో ఫోల్డర్‌కి ఒక్కో బొమ్మ పెట్టుకున్నా, పేరు చదవక్కర్లేకుండా. మొన్న పొద్దున తెరిస్తే ఆ ఫోల్డర్లన్నీ మామూలు పసుపు రంగులోకి వచ్చేశాయి, షార్ట్‌కట్లూ పీడీఎఫ్‌లూ తెల్లకాగితాల్లా కనిపిస్తున్నాయి. వైరస్సే అని ఫిక్సయిపోయా.

"ఇవి రెండు వేర్వేరు రోగాలు" అని పట్టుకున్నది అన్నే. తెల్లకాగితాలకి కారణం ఐకాన్ క్యాష్, అంటే బొమ్మల్ని త్వరగా చూపించడానికి విండోస్ దాచుకునే నకళ్ల ఫైలు, పాడవడం. యాప్‌డేటాలో లోకల్ అనే ఫోల్డర్లో దాక్కుని ఉండే ఐకాన్‌క్యాష్.డీబీ ఫైలుని నేను అప్పటికే రెండుసార్లు డిలీట్ చేశా, రీస్టార్ట్ అవగానే మళ్లీ అదే కథ. ఎక్స్‌ప్లోరర్ (డెస్క్‌టాప్‌నీ ఫోల్డర్లనీ చూపించే విండోస్ ప్రోగ్రామ్) నడుస్తుండగా ఆ ఫైలు తీసేస్తే, అది పోతూ పోతూ తన దగ్గరున్న పాడైనదాన్నే మళ్లీ రాసి పెట్టేస్తుందట! అందుకని ముందు కమాండ్ ప్రాంప్ట్ (కమాండ్లు టైప్ చేసే నల్ల విండో) తెరిచి పెట్టుకుని, టాస్క్ మేనేజర్‌లో ఎక్స్‌ప్లోరర్‌ని ఆపి, అప్పుడు తీసేయాలి. ఆపగానే టాస్క్‌బార్‌తో సహా డెస్క్‌టాప్ అంతా మాయమైంది, ఒక్క వాల్‌పేపర్ మిగిలింది, నా గుండె జారిపోయింది. "కంగారుపడకు, టాస్క్ మేనేజర్‌లోనే న్యూ టాస్క్ నొక్కి ఎక్స్‌ప్లోరర్ అని కొట్టు" అన్నాడు. కొట్టా. ఒక్కో కాగితం మీదికీ దాని బొమ్మ మెల్లగా వచ్చి కూర్చుంది.

ఫోల్డర్ల తప్పు మాత్రం పూర్తిగా నాదే. ఐకాన్ ఫైలు ఎక్కడుందో ఫోల్డర్ లోపలి డెస్క్‌టాప్.ఐఎన్ఐ అనే చిన్న సెట్టింగుల ఫైలు గుర్తుపెట్టుకుంటుంది, బొమ్మని తనలో దాచుకోదు. నేనేమో ఆ బొమ్మలన్నీ డౌన్‌లోడ్స్‌లో పడేసి, జాగా చాలట్లేదని మొత్తం ఊడ్చేశా. మళ్లీ చేసేటప్పుడు పీఎన్‌జీ బొమ్మ ఫైలుకి పేరు చివర ఐసీవో (ఐకాన్ ఫైళ్ల రకం) అని మారిస్తే చాలనుకున్నా, దానికీ చీవాట్లు పడ్డాయి, న్యాయంగానే. కన్వర్టర్‌లో పెట్టి 16, 32, 48, 256 సైజులు నాలుగూ ఒకే ఫైలులో ఉండేలా చేస్తే చిన్న లిస్టులో కూడా అలుక్కుపోకుండా కనిపిస్తున్నాయి. పాటల ఫోల్డర్ ఒక్కటీ అప్పటికీ మొండికేసింది, దానికి ఆట్రిబ్ ప్లస్ ఆర్ (ఫోల్డర్‌కి రీడ్ ఓన్లీ గుర్తు పెట్టే కమాండ్) కొట్టమని ఇంకో అక్క చెప్పారు. ఫోల్డర్‌కి రీడ్ ఓన్లీ గుర్తో, సిస్టమ్ గుర్తో లేకపోతే ఎక్స్‌ప్లోరర్ ఆ ఐఎన్ఐ ఫైలు జోలికే పోదట. అక్కా, మీకూ థాంక్స్, ఇది నాకు జన్మలో తట్టేది కాదు.

ఐకాన్లన్నీ ఇప్పుడు సీ డ్రైవ్‌లో విడిగా ఒక ఫోల్డర్లో ఉన్నాయి. పేరు "ముట్టుకోవద్దు". దానికి మాత్రం ఏ బొమ్మా పెట్టలేదు.