రోమన్లకు లేజర్ కిరణాలు అమ్మిన మీ యాప్ గురించి

కస్టమర్ కేర్ వారికి,

విషయం: లాటిన్–తెలుగు అనువాదంలో మొక్కల, జంతువుల పేర్లు, నా చందా వాపసు

ప్రాచీన లాటిన్ గ్రంథాలు తెలుగులో చదువుకోవచ్చని మీరు ప్రకటన ఇస్తేనే ఏడాది చందా కట్టాను, ముఖ్యంగా ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ కోసం. ఆయన 37 భాగాల ప్రకృతి విజ్ఞాన గ్రంథం 'నేచురాలిస్ హిస్టోరియా'లో 8 నుంచి 11 దాకా జంతువులు, 12 నుంచి 27 దాకా మొక్కలు. పేర్లే తప్పయితే ఇంక చదివేదేముంది?

19వ భాగం తెరిస్తే రోమన్లు లేజర్ కిరణాలను వెండి నాణేలతో సరితూచి కొన్నారని వచ్చింది. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. అక్కడ 'లాసెర్' అంటే ఇప్పటి లిబియాలోని సైరీన్ ప్రాంతంలో పెరిగిన సిల్ఫియం మొక్క పాలు. రిపోర్ట్ చేస్తే సారీ చెప్పి, తర్వాతి అప్‌డేట్‌లో అన్నిచోట్లా 'ఇంగువ' అని పెట్టేశారు. అదీ తప్పేనండీ! సైరీన్ మొక్క ప్లినీ నాటికే కనుమరుగైంది, ఒకే ఒక్క కాడ దొరికితే దాన్ని నీరో చక్రవర్తికి పంపారని ఆయనే రాశాడు. దాని బదులు పర్షియా వైపు నుంచి నాసిరకం సరుకు వచ్చేదనీ, అందులో జిగురో దంచిన చిక్కుడు గింజలో కలిపి కల్తీ చేసేవారనీ అక్కడే ఉంది. ఇంగువ అనదగ్గది ఆ రెండోదాన్నే (మన కిరాణా కొట్టు ఇంగువ డబ్బా మీద ఏమేం కలిపారో చదవండి, కల్తీ సంగతి కొత్తగా అనిపించదు). పేరు ఒకటే అయినా మొక్కలు రెండు, ఏ వాక్యంలో ఏదో పక్క వాక్యాలు చూస్తే గానీ తేలదు.

'ఇలెక్స్'ని హాలీ అన్నారు. ఆ పేరు హాలీకి తగిలించింది స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్, 1753లో. రోమన్ల ఇలెక్స్ ఏడాదంతా పచ్చగా ఉండే ఓక్ చెట్టు. క్రిస్మస్ బొమ్మల్లో ఎర్ర పళ్లతో కనిపించే హాలీకి ఓక్ కాయలు కాస్తాయా?

రోమన్ కవి లుక్రీషియస్ కావ్యం ఐదో భాగంలో అయితే పాములాంటి చెయ్యి, వీపు మీద బురుజు ఉన్న 'లూకా ఎద్దులు' యుద్ధానికి బయల్దేరాయి. ఏనుగులండీ అవి! గ్రీకు రాజు పిర్రస్ దండెత్తినప్పుడు ఇటలీ వాళ్లు దక్షిణాన ఉన్న లుకానియా ప్రాంతంలో వాటిని మొదటిసారి చూసి పెట్టిన పేరది. ప్లినీ ఎనిమిదో భాగంలో ఈ సంగతి ఉంది, దాన్ని మీ యాపే అనువదించింది కూడా!

తెలియని చోట లాటిన్ పేరునే తెలుగు లిపిలో ఉంచి, 'ఫలానా మొక్క కావచ్చు' అని కింద రాయండి. అది చేతకాకపోతే మిగిలిన నెలల డబ్బులు వాపసు చెయ్యండి. 'మీ అభిప్రాయం మాకు విలువైనది' అనే ఆటోమేటిక్ మెయిల్ మాత్రం మళ్లీ పంపొద్దు.

ఇట్లు,
మీ చందాదారు