పొందూరు కథలు అచ్చయ్యాయి, నేస్తం

ప్రియమైన నేస్తానికి,

మోకాలి నొప్పి ఎలా ఉంది? బెంగళూరు ప్రయాణం ఎంతవరకు వచ్చింది? ఫోన్లో మాట్లాడదామంటే నీ వెనక మనవలు, నా వెనక మనవలు, ఒక్క ముక్కా పూర్తవదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. నా పుస్తకం అచ్చయిందే! వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతూ, ఖద్దరు నూలుకు రాట్నం తిప్పుతూ పొందూరులో మా వీధి అమ్మలు చెప్పుకున్న కబుర్లన్నీ కథలుగా రాస్తున్నానని ఎప్పటినుంచో చెబుతున్నాను కదా, ఆ పుస్తకమే.

ఇది బయటికి రావడానికి సాయం చేసినవాళ్లను నేనింతవరకు ఎదురుగా చూడలేదు. మా చెల్లి నన్నొక కథల వాట్సాప్ గ్రూపులో చేర్చింది చూడు, అక్కడ పరిచయమైనవాళ్లు. కంప్యూటర్ అంటే నాకెంత భయమో నీకు తెలుసు. స్కూల్లో ఉన్నన్నాళ్లూ ఆ గదివైపే వెళ్లేదాన్ని కాదు.

మొదట ఇక్కడ ఒక డీటీపీ సెంటర్లో సగం కథలు కొట్టించాను. ఆ ఫైలు గ్రూపులో పెడితే ఒక్కరికీ తెలుగు కనబడలేదు. అన్నీ ఇంగ్లిషు అక్షరాలు, చుక్కలు, గీతలు. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు సియాటిల్లో ఉద్యోగం చేస్తున్న ఒకమ్మాయి ఫోన్ చేసింది. వాళ్లమ్మది ఆమదాలవలసట. "ఏం పోలేదు ఆంటీ, పాత డీటీపీ ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల చోట తెలుగు బొమ్మలు పెట్టుకుంటాయి. ఆ ఫాంటు లేని చోట అసలు అక్షరాలు బయటపడతాయి. ఏ ఫోన్లోనైనా తెలుగుగానే కనబడే యూనికోడ్‌లోకి మారిస్తే సరిపోతుంది" అంది. మార్పించింది కూడా. కానీ మార్చాక వత్తులు కొన్ని చెదిరిపోయాయి. అవి దిద్దడానికి వాళ్ల రాత్రి, మన పొద్దున, ఇద్దరం వీడియో కాల్లో కూర్చునేవాళ్లం.

తను చేస్తే గంటలో తేలిపోయే పని అది. అయినా నా చేత్తోనే చేయించేది. "మీ పుస్తకం ఆంటీ, మీరే నొక్కండి" అనేది. దుఃఖం అన్న మాటలో విసర్గ బదులు ఇంగ్లిషు కోలన్ పడిందని, సంత అన్న మాటలో సున్న బదులు అంకె సున్నా పడిందని చూపించింది. కంటికి తేడా తెలియదు, కానీ వెతికితే ఆ మాట దొరకదు. మాస్టర్‌గారు అని కొడితే ర్, గా అతుక్కుపోతుంటే మధ్యలో కనబడని గుర్తొకటి పెట్టడం నేర్పింది. అది నా చేత్తో నేను పెట్టి, రెండూ విడిపడి కుదురుగా నిలబడినప్పుడు ఎంత సంతోషపడ్డానో! ముప్పై ఏళ్లు పిల్లలకు వత్తులు నేర్పినదాన్ని కదా.

మిగతా కథలు ఫోనుకు చెబుతూ రాశాను. మైకు గుర్తు నొక్కి మాట్లాడితే తెలుగులో పడుతుంది, నువ్వూ చూడు. ఒక్కటే చిక్కు, మన శ్రీకాకుళం మాట దానికి పట్టదు. "ఏటి సేత్తన్నావే గుంటా" అంటే దానికి తోచిన పుస్తకాల తెలుగేదో రాసేది. మా అమ్మలు అలా మాట్లాడరు. సంభాషణలన్నీ ఒక్కో అక్షరం కొట్టుకుంటూ కూర్చున్నాను. ఎన్ని రోజులు పట్టినా సరే, ఆ మాట పోతే కథలో ఇంకేం మిగలదు.

గుంటూరులో ప్రెస్ నడిపి మానేసిన ఒక పెద్దాయన అచ్చు సంగతులన్నీ చెప్పారు. డెమ్మీ సైజు, పదహారు పేజీలకొక ఫారం, పేజీలు ఆ లెక్కకు తెగేలా చూసుకోమన్నారు. లోపలి అక్షరాలకు మండలి ఫాంటు వాడించారు. అది ఉచితమే. మనం కాలేజీలో ఉండగా 1975లో హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి, గుర్తుందా? అవి జరిపించిన మండలి వెంకట కృష్ణారావుగారి పేరే ఆ ఫాంటుకు పెట్టారు. అట్ట మీద పేరు మాత్రం రామభద్ర ఫాంటులో, లావుగా, నీకు కళ్లజోడు లేకుండానే కనబడేటంత.

పుస్తకానికి గుర్తింపుగా వేసే ఐఎస్‌బీఎన్ నంబరు ఇప్పిస్తానని ఒకాయన వేలల్లో అడిగాడు. ఇవ్వబోతుంటే గ్రూపులో ఉన్న వరంగల్ లైబ్రేరియన్‌గారు ఆపారు. మన దేశంలో అది రాజా రామమోహన్ రాయ్ పేరున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉచితంగా ఇస్తుంది, రచయిత తనే అడగొచ్చు. ఆవిడ పక్కనుంచి చెబుతుంటే ఆధార్, అట్ట బొమ్మ నేనే ఎక్కించాను. ఇంకో మాట కూడా చెప్పారు. 1954 చట్టం ప్రకారం కొత్త పుస్తకం వచ్చాక ముప్పై రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి, చెన్నై, ముంబై, ఢిల్లీ లైబ్రరీలకు ఒక్కోటి పంపాలట. పంపాను. పొందూరు దాటి ఎరగని ఆ అమ్మల మాట కోల్‌కతా చేరుతోందంటే ఒళ్లు పులకరించిందే.

ఒక్కరూ రూపాయి తీసుకోలేదు. ఇస్తానంటే బాధపడ్డారు. పుస్తకంలో పేర్లు వేస్తానంటే ఆ పెద్దాయన "ప్రూఫులు ఇంకోసారి చూడండమ్మా, అది చాలు" అన్నారు. పేర్లు మాత్రం వేశాను, మొదటి పేజీలోనే.

ఇప్పుడు నీ సంగతి. నీకో ప్రతి కట్టి పెట్టాను. 2025 మే నుంచి పోస్టాఫీసులో పుస్తకాలకు జ్ఞాన్ పోస్ట్ పెట్టారు, చవకే. బెంగళూరు అడ్రసు, పిన్‌కోడుతో సహా మెసేజ్ పెట్టు. అలాగే మీ అమ్మగారు పాడుతుంటే నువ్వు రాసుకున్న దంపుళ్ల పాటల నోటుబుక్కు ఎక్కడుందో వెతుకు. అటక మీద పెడితే చెదలు పడతాయి. ఆ పాటలు నీకు తప్ప ఇంకెవరికీ రావు. ఆదివారం పదింటికి వీడియో కాల్ చేస్తాను. మైకు గుర్తు ఎక్కడుందో చూపిస్తాను, పాట నువ్వే చెప్పాలి, అక్షరాలు నువ్వే దిద్దాలి. పిల్లల్ని ఆ గంటసేపు బయటికి పంపెయ్.

నీ
నేస్తం