రైతు అప్పుల సర్వే: అంకె ఒక్కటే వేస్తే చాలదు

సంపాదకులకు,

రైతు కుటుంబాల అప్పుల మీద ఏ పరిశోధన సంస్థ నివేదిక ఇచ్చినా పత్రికల్లో పైకొచ్చేది నూటికి ఎంతమంది అప్పుల్లో ఉన్నారన్న ఒక్క అంకె. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన 77వ విడత సర్వేలో అది ఆంధ్రప్రదేశ్‌కు 93.2 శాతం, తెలంగాణకు 91.7 శాతం, దేశ సగటు 50.2. ఆ సర్వే ఎవరిని రైతు కుటుంబం అంది, దేన్ని అప్పు అంది అన్నది మాత్రం వార్తల్లో దాదాపు కనిపించదు.

అందులో భూమి ఉండాలన్న షరతు లేదు. సాగు, పాడి, కోళ్ల వంటి వాటిమీద ఏడాదికి 4,000 రూపాయలకు మించిన ఉత్పత్తి ఉండి, ఇంట్లో ఒక్కరైనా సొంతంగా ఆ పని చేస్తుంటే చాలు. 2013లో ఆ హద్దు 3,000. 2003లో భూమి ఉన్నవాళ్లనే లెక్కలోకి తీసుకున్నారు. కాబట్టి 2003 అంకె పక్కన 2019 అంకె పెట్టి అప్పులు ఇంత పెరిగాయని రాయడం సరికాదు. పైగా ఇంటికి, పెళ్లికి, వైద్యానికి తెచ్చినదీ అందులో అప్పే. దేశం మొత్తం మీద బాకీలో సాగు కోసం తెచ్చింది 57.5 శాతమే.

మన రాష్ట్రాల్లో జరిగే చిన్న సర్వేల్లో తప్పు తరచు జాబితా దగ్గరే మొదలవుతుంది. పట్టాదారు పాసుపుస్తకాల జాబితా లోంచి పేర్లు ఎంచితే పని తొందరగా తెములుతుంది, సొంత భూమి లేని కౌలు రైతు మాత్రం పూర్తిగా తప్పిపోతాడు. సాయం ఎక్కువ అవసరమైనవాడే లెక్కలో లేకుండా పోవడం చిన్న లోపం కాదు. ముందు ఊరూ, దాని వాడలూ, తండాలూ ఇంటింటికీ తిరిగి జాబితా రాయాలి. సొంత సాగు, కౌలు, రెండూ ఉన్నవాళ్లు అని విడదీసి, ఒక్కో వర్గం నుంచి లాటరీ తీయాలి. ‘కౌలుకు చేస్తున్నారా’ అని నేరుగా అడిగితే చాలామంది ఒప్పుకోరు. యజమానికి తెలిస్తే వచ్చే ఏడు పొలం ఇవ్వడేమోనన్న భయం. ఏ చెక్క ఎవరు దున్నారు, పెట్టుబడి ఎవరిది, పంట ఎవరు అమ్మారు అని అడుగుతూ పోతే విషయం బయటికొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతులకు ఇచ్చే పంట సాగుదారు హక్కు కార్డుల (సీసీఆర్‌సీ) సంఖ్యనే కౌలు రైతుల సంఖ్యగా వాడటమూ పొరపాటే. 2019 చట్టం పెట్టిన పద్ధతిలో యజమాని సంతకం లేనిదే ఆ కార్డు రాదు.

ఇక ప్రశ్నలు. ‘అప్పు ఎంతుంది’ అని ఒక్క మాటలో అడిగితే చాలాసార్లు బ్యాంకు బాకీ ఒక్కటే చెబుతారు. బ్యాంకు, సొసైటీ, డ్వాక్రా సంఘం, బంగారం తాకట్టు, చిట్టీ, కమీషన్ ఏజెంటు, చేబదులు, ఎరువుల కొట్టులో ఉద్దెర అని విడివిడిగా అడగాలి. ఉద్దెరను చాలామంది రైతులు అప్పు అనుకోరు. దాని వడ్డీ తరచు బస్తా ధరలోనే కలిసి ఉంటుంది. నగదు ధర, ఉద్దెర ధర రెండూ రాసుకుంటేనే అది తేలుతుంది. వడ్డీ రేటు దగ్గర జరిగే పొరపాటు ఇంకా పెద్దది. రైతు ‘రెండు రూపాయల వడ్డీ’ అన్నాడంటే నూటికి నెలకు రెండు, అంటే ఏడాదికి 24 శాతం. ఏడాది వడ్డీ గడిలో 2 అని రాస్తే వడ్డీ వ్యాపారి బ్యాంకు కంటే చౌకగా తేలతాడు. రైతు చెప్పింది చెప్పినట్టే ఒక గడిలో రాసుకుని, శాతంగా మార్చే పని తర్వాత ఆఫీసులో చేయాలి. పంట నిలిచి ఉన్నప్పుడు బాకీ ఎక్కువ, అమ్మాక తక్కువ కాబట్టి అందరినీ ఒకే తేదీ నాటి బాకీ అడగాలి.

తెలంగాణలో 1,000 ఇళ్లు ఎంచారనుకుందాం. ఇళ్లను విడివిడిగా ఎంచితే, అంకె 50 శాతం దగ్గర ఉన్నప్పుడు రాష్ట్ర అసలు లెక్కకూ దానికీ తేడా సుమారు 3 పాయింట్లు అటూ ఇటూ ఉండొచ్చు. 50 ఊళ్లలో 20 ఇళ్ల చొప్పున తీసుకుంటే ఆ తేడా పెరుగుతుంది. ఒకే ఊరివాళ్లకు నీరు, పంట, అప్పిచ్చే మనిషి చాలావరకు ఒకటే మరి. 33 జిల్లాలకు పంచితే జిల్లాకు 30 ఇళ్లు, అలాంటి అంకెకే తేడా సుమారు 18 పాయింట్లు. ఆ మాత్రం ఇళ్లతో ఏ జిల్లా ముందు, ఏది వెనక అని పట్టిక వేయకూడదు.

ఇలాంటి వార్త వేసేటప్పుడు ఎన్ని ఇళ్లు, ఏ జాబితా నుంచి, ఏ నెలల్లో, ఎవరి డబ్బుతో చేశారో రెండు వాక్యాల్లో చేర్చమని మా విన్నపం. నివేదికలో ప్రశ్నావళి లేకపోతే సంస్థను అడగండి. ఇవ్వకపోతే ఆ సంగతీ రాయండి.

— గ్రామీణ సర్వేల పరిశోధకులు, హైదరాబాద్